పాతకార్ల జీర్ణోద్ధరణము



గ్రంథాలయ రజతోత్సవ సభలో మోటారుకార్ల ముచ్చట ఏల యని కొందరికి తోచవచ్చును. కాని గ్రంథమును కాపాడు పనియు, పాత యంత్రమును కాపాడు పనియు దగ్గరి చుట్టములు. రెండింటికిని తేమ తొలి శత్రువు. రెండింటికిని ఓర్పు తొలి నేస్తము. ఇంతకంటె లోతైన పోలిక మరియొకటి కలదు. అది ప్రసంగము సాగినకొలది తేటపడగలదు.

రాజమహేంద్రవర ప్రాంతమున వెనుకటి పెండ్లి ఊరేగింపులు చూచిన పెద్దలకు టాపులేని కారు కొత్తది కాదు. పూలదండలు చుట్టిన పొడుగాటి కారు, వెనుక సీటుపై వధూవరులు, ముందు బాజాభజంత్రీలు, ప్రక్కల పెట్రోమాక్సు దీపములు. ఆ కారు వీధిలోనికి వచ్చినచో పిల్లలు అన్నము వదలి పరుగెత్తెడివారు. రిక్షావాడు ఎండవానలకు టాపు వేసి, చల్లని వేళ దానిని వెనుకకు మడచును గదా! అట్లే గుడ్డకప్పు మడచుటకు వీలుగా చేసిన కారును అమెరికావారు కన్వర్టిబుల్ అందురు.

అమెరికా కార్లు ఒకప్పుడు మన దేశమునకు విరివిగనే వచ్చినవి. జనరల్ మోటార్స్ కంపెనీ 1928లో బొంబాయి శివ్రీలో కర్మాగారము పెట్టి, ఓడలలో పెట్టెలుగా వచ్చిన భాగములను అచ్చట కూర్చి అమ్మెను. దేశములోనే భాగములు తయారుచేయు ప్రణాళిక గలవారికి మాత్రమే తావు అని 1953 ప్రాంతమున ప్రభుత్వ విధానము ఏర్పడినందున ఆ కంపెనీ 1954లో పని ముగించెను. అటుపిమ్మట రోడ్లపై అంబాసిడరు, ఫియట్, స్టాండర్డు కార్లే రాజ్యమేలినవి. కావున అమెరికాలో 1960ల నడుమ పుట్టిన ఒక ప్రత్యేక జాతి కార్లు మన వీధులకు వచ్చుట మిక్కిలి అరుదు. ఆ జాతి పేరు మజిల్ కార్లు, అనగా కండగల కార్లు.

వాని పుట్టుక వినదగినది. నడితరపు కారులో 330 ఘనపు అంగుళములకు మించిన ఇంజను పెట్టరాదని జనరల్ మోటార్స్ సంస్థలో ఒక కట్టుబాటు ఉండెను. ఆ సంస్థలోని పాంటియాక్ విభాగపు ఇంజనీర్లు, వారిలో జాన్ డిలోరియన్ ముఖ్యుడు, ఒక ఉపాయము పన్నిరి. పెద్దకారుకు ఉద్దేశించిన 389 ఘనపు అంగుళముల ఇంజనును నడితరపు కారుకు అమర్చి, దానిని కొత్త కారుగా గాక, కొనువాడు కోరుకొను అదనపు సరంజామాగా చూపిరి. సరంజామాకు పైవారి అనుమతి అక్కరలేదు. ఆ విధముగా 1964 నమూనాగా వెలువడినదే జి.టి.ఓ. ఆ ఇంజను పరిమాణము సుమారు 6.4 లీటర్లు, శక్తి 325 గుర్రములు. మన అంబాసిడరు పెట్రోలు ఇంజను 1489 ఘనపు సెంటీమీటర్లు మాత్రమే. తొలియేట 32,450 జి.టి.ఓ.లు అమ్ముడుపోయెను. వానిలో 6,644 మడతకప్పు కార్లు.

అదే 1964లో ఏప్రిల్ 17వ తేదీన ఫోర్డు కంపెనీ మస్టాంగ్ కారును విడుదల చేసెను. ఒక్క సంవత్సరములో నాలుగు లక్షలకు పైగా అమ్మెను. పాంటియాక్‌ను చూచి షెవర్లే, ప్లిమత్, డాడ్జి కంపెనీలును పోటీకి దిగినవి. 1970 నాటికి షెవర్లే వారి షెవెల్ కారులో 450 గుర్రముల ఇంజను లభించెను. పొంగిన పాలు పొయ్యిపాలైనట్లు ఆ వైభవమంతయు వేగముగ చల్లారెను. 1970లో గాలి శుభ్రతకై కఠినమైన చట్టము వచ్చినది. భీమా రుసుములు యువకులు మోయలేనంత పెరిగినవి. 1973 అక్టోబరులో అరబ్బు దేశములు చమురు బిగించినవి. మడతకప్పు కార్లకు భద్రతా నిబంధనల భయము కూడ తోడైనది. 1976లో కాడిలాక్ కంపెనీ తన ఎల్డొరాడోను అమెరికా కట్టకడపటి మడతకప్పు కారు అని చాటెను. ఆరేండ్లకు, 1982లో, క్రైస్లర్ కంపెనీ ఆ మాటను వమ్ము చేసెను గాని, కండగల కార్ల తొలి యుగము మాత్రము తిరిగి రాలేదు.

అరుదైన వస్తువునకు విలువ పెరుగుట లోకసహజము. హెమీ ఇంజనుతో కూడిన 1971 నాటి ప్లిమత్ కుడా మడతకప్పు కార్లు 11 మాత్రమే తయారైనవి. వానిలో ఒకటి 2014లో సియాటిల్ నగరపు వేలములో 35 లక్షల డాలర్లు పలికినది. డెట్రాయిట్ సమీపమున వుడ్‌వర్డు రోడ్డుపై 1995 నుండి ఏటేట ఆగస్టు మాసమున పాతకార్ల ఊరేగింపు జరుగుచున్నది. 1960లలో కుర్రకారు పందెములాడిన రోడ్డు అదియే. ఆ నగర పరిసరములలో మోటారు పరిశ్రమను ఆశ్రయించి స్థిరపడిన తెలుగు కుటుంబములు పెక్కు కలవు. గోదావరి గట్టున పెండ్లికారు వెంట పరుగెత్తిన బాలురు పెద్దవారై ఆ ఊరేగింపు చూచినచో, చిన్ననాటి ముచ్చట ఎట్లు మదిలో మెదలునో ఊహింపవచ్చును.

ఇక అసలు పని. శిథిలమైన ఆలయమును బాగుచేయుటను జీర్ణోద్ధరణము అందురు. పాతకారు విషయమునను ఆ మాటయే తగును. పాడైనదాని స్థానమున కొత్తది కట్టుట జీర్ణోద్ధరణము కాదు. ఉన్నదానిని నిలబెట్టుటయే జీర్ణోద్ధరణము.

ఒక పాత మస్టాంగ్ మడతకప్పు కారు షెడ్డునకు వచ్చినదనుకొందము. పనివాడు మొదట పట్టవలసినది సుత్తి కాదు, కాగితము. ఏ మర ఎచ్చట నుండెను, ఏ తీగ ఎటు పోయెను, ఏ రంగు క్రింద ఏ రంగు కలదు అను వివరములన్నియు ఫొటోలు తీసి, వ్రాసి, విప్పిన ప్రతి భాగమునకు చీటీ కట్టవలెను. ఇది చేయనివాడు ఆరునెలల పిమ్మట నట్ల డబ్బాల నడుమ కూర్చుండి తల పట్టుకొనును.

రెండవది తుప్పు. ఇనుము నీటి దాపున ఎట్లు మెలగునో గోదావరి ప్రజలకు చెప్పనక్కరలేదు. 1900లో తెరచిన హేవలాక్ వంతెన 1997 వరకు రైళ్లను మోసినదన్నచో, ఆ ఇనుమునకు తరతరముల మనుష్యులు చేసిన కాపుదలయే కారణము. కాపుదల లేని కారు ఇరువదియేండ్లు నిలుచుట కష్టము. మస్టాంగ్ కారున ముందు అద్దము క్రింద గాలి పోవుటకు ఒక రేకుపెట్టె కలదు. దానిలో ఆకులు చేరి, నీరు నిలిచి, రంధ్రములు పడి, ఆ నీరు కాళ్ల క్రింది రేకుపై కారును. పైన రంగు నిగనిగలాడుచునే యుండును, క్రింద నేల జల్లెడ యగును.

మడతకప్పు కారున ఇంకొక చిక్కు కలదు. మామూలు కారులో పైకప్పు ఇంటి దూలము వలె బరువు మోయుచు పెట్టెనంతటిని బిగించి పట్టును. కప్పు తీసివేసినచో పెట్టె నడుమ కుంగుటకు చూచును. అందువలన మస్టాంగ్ తయారుచేసినవారు మడతకప్పు కారునకు తలుపుల క్రింద పొడవునా పోవు బోలు కమ్ములను ఇనుమడింపజేసి, అడుగున అదనపు రేకులు చేర్చిరి. కారు ప్రాణమంతయు ఆ కమ్ములలోనే కలదు. తుప్పు మొదట పట్టునదియు ఆ కమ్ములకే!

తెలియని పనివాడు తుప్పుపట్టిన కమ్మిని గబాలున కోసివేయును. కోసిన క్షణముననే కారు నడుము జారును. కొత్త కమ్మి అతుకు పెట్టిన పిమ్మట తలుపు మూయబోగా పట్టదు. తెలిసిన పనివాడు కోయుటకు ముందే తలుపు సందులలో అడ్డముగను, ఐమూలగను ఇనుప గొట్టములు వేసి అతికించును. చక్రములు వ్రేలాడనీయక, బరువు చక్రములపైననే యుండునట్లు చూచును. మూలలనుండి మూలలకు టేపు పెట్టి కొలతలు వ్రాసికొనును. పెంకుటింట పుచ్చిన స్తంభమును మార్చు వడ్రంగి ఏమి చేయును? ముందు దూలమునకు పోట్లు పెట్టి, పిమ్మట స్తంభమును తీయును. డెట్రాయిట్‌లోనైనను, మండపేటలోనైనను న్యాయము ఒక్కటియే.

తరువాత రేకు పని. చెడిన రేకును మంచి రేకు వచ్చువరకు కోసి, అదే మందము గల ముక్కను అతికి, చిన్నచిన్న చుక్కలుగా వెల్డింగు చేయుచు, నడుమ చల్లారనిచ్చుచు పోవలెను. ఒక్క బిగిన చేసినచో వేడికి రేకు ముడుతలు పడును. ఈ శ్రమకు ఓపిక లేనివారు రంధ్రములో గుడ్డయో వలయో కుక్కి పైన పుట్టీ మెత్తి రంగు కొట్టుదురు. పైన పటారము, లోన లొటారము అను సామెత ఇట్టి కారు కొరకే పుట్టినదా యనిపించును. ఈ మోసమును పట్టుటకు పెద్ద యంత్రములు అక్కరలేదు. పలుచని గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతము చాలును. రేకున్నచోట అది అంటుకొనును. దళసరి పుట్టీ ఉన్నచోట జారిపోవును.

పిమ్మట రంగు, బంపర్లకు రాగి, నికెలు, క్రోమియము పూతలు, సీట్ల తోలు, కట్టకడపట కప్పు. ఆ కప్పును లేపుటకు వెనుక సీటు చాటున ఒక చిన్న విద్యుత్ పంపును, ఇరుప్రక్కల నూనె ఒత్తిడితో కదలు గొట్టములును ఉండును. గుడ్డ బిగించుట దర్జీపని. చట్రము సరిచేయుట కమ్మరిపని. ఇద్దరికిని పొత్తు కుదిరిననే వాన నీరు లోనికి రాదు. ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అన్న పెద్దలు పాతకారు బాగుచేయించి యుండినచో ఆ సామెతకు మూడవ పాదము చేర్చెడివారే!

ఈ పనిలో పనివాని ఆరోగ్యమును మరువరాదు. ఇసుకతో తుప్పు దులుపునపుడు లేచు దుమ్ము ఊపిరితిత్తులను గట్టిపరచి మనిషిని తినివేయును. నేటి రెండుపాళ్ల రంగుల ఆవిరి ఉబ్బసము తెచ్చును. క్రోమియము స్నానపు నీరు విషము. ముఖమునకు తగిన తొడుగు ఇయ్యని యజమాని ఎంత మెరుగు కారు చేయించినను ఆ మెరుగు పుణ్యమైనది కాదు.

ఇప్పుడు ప్రసంగమునకు మొదట చెప్పిన పోలిక వచ్చినది. 1964, 65 సంవత్సరముల జి.టి.ఓ. సరంజామా రూపమున అమ్మబడినది గదా! అందువలన ఛాసిస్ సంఖ్యను చూచి అది జి.టి.ఓ. అవునో, సామాన్యమైన లెమాన్స్ కారో చెప్పజాలము. 1966 నుండి మాత్రమే సంఖ్యలో ఆ గుర్తు వచ్చెను. కావున సామాన్యపు కారుకు జి.టి.ఓ. పేరుపలకలు తగిలించి, పెద్ద ఇంజను పెట్టి, పెద్ద వెలకు అమ్మువారు బయలుదేరిరి. ఇనుము ఈ తగవు తీర్చలేకపోయెను. తీర్చినది కాగితము. పాంటియాక్ కంపెనీ నాటి విక్రయపత్రములు భద్రముగ నిలిచియున్నందున, ఏ కారు ఏ సరంజామాతో కర్మాగారము దాటెనో నేటికిని తెలిసికొనుటకు వీలగుచున్నది. లక్షల డాలర్ల సత్యమును కాపాడినది ఎవరో ఓర్పుతో దాచిన చీటీలు.

మన పూర్వ గ్రంథ పరిష్కర్తలు ఇట్టి నీతినే పాటించిరి. తాళపత్రము విరిగి నాలుగు పంక్తులు పోయినచోట తమ కవిత్వమును చొప్పింపక, ఖాళీ విడిచి, గ్రంథపాతము అని వ్రాసిరి. ఆ ఒక్కమాట వలన మిగిలిన గ్రంథమంతయు నమ్మదగినదయ్యెను. రాజమహేంద్రవరపు గౌతమీ గ్రంథాలయమున తాళపత్రములను చూచినవారికి ఈ సంగతి సులభముగ బోధపడును. పాతకారును ఉద్ధరించువాడును ఒక పరిష్కర్తయే. ఇది తొలినాటి తలుపు, ఇది నిరుడు చేసిన తలుపు, ఇది వేరొక కారునుండి తెచ్చిన ఇంజను అని వ్రాసి యుంచినచో అది జీర్ణోద్ధరణము. దాచినచో కూటసృష్టి.

అట్లయిన మార్పులే కూడదా? కూడును. వానికి అవసరము ఒకటి, అలంకారము ఒకటి అని రెండు తెగలు కలవు. 1964 నాటి జి.టి.ఓ.కు నాలుగు చక్రములకును డ్రమ్ము బ్రేకులే. వాని నూనెకు ఒక్కటే తొట్టి. ఒక్క గొట్టము పగిలినచో నాలుగు బ్రేకులును పోవును. 325 గుర్రములను ఆపుటకు అది చాలదు. రెండు తొట్ల సిలిండరును, ముందు చక్రములకు డిస్కు బ్రేకులను, సీటు బెల్టులను అమర్చుట ప్రాణరక్షణము. వెనుకటి పెట్రోలులోని సీసము వాల్వుల పీటలు అరగకుండ కాపాడెడిది. సీసము కలిపిన పెట్రోలు రోడ్డు వాహనములకు అమెరికాలో 1996లోను, మన దేశమున 2000లోను నిలిచిపోయినది. కావున గట్టి ఉక్కుపీటలు వేయింపవలెను. మన పెట్రోలులో 2025 నాటికి నూటికి 20 పాళ్లు ఇథనాలు చేరినది. అది తేమను పీల్చును. పాత రబ్బరు గొట్టములను చెరచును. గొట్టములు మార్చనివాడు నిప్పుతో చెలగాటమాడినట్లే.

ఇక అలంకారము. పాత పెట్టెలో నేటి ఇంజను, నేటి గేర్లు, చల్లగాలి యంత్రము పెట్టి నడుపుట అమెరికాలో నేడొక గొప్ప ముచ్చట. దానిని రెస్టోమాడ్ అందురు. అది యజమాని అభిరుచి. అయినను అరుదైన కారును, తొలినాటి ఇంజనుతో నున్న కారును ఇట్లు కోయుట అపచారమే. మార్చినచో తిరిగి పూర్వరూపమునకు తెచ్చుటకు వీలుగ మార్చవలెను. తీసిన భాగములను పారవేయక పెట్టెలో దాచవలెను. తరువాతి తరము వాని అభిరుచి ఏమో ఎవరెరుగుదురు?

మన దేశమున ఈ విషయమై చట్టము కలదు. 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము రిజిస్ట్రేషను పత్రములోని తొలి వివరములకు విరుద్ధముగ వాహనమును మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దానిని స్థిరపరచెను. 2021లో వచ్చిన నియమముల ప్రకారము 50 సంవత్సరములు దాటి, పెద్ద మార్పులు లేక పూర్వరూపముననే యున్న వాహనములకు ప్రత్యేక రిజిస్ట్రేషను లభించును. కొత్త రిజిస్ట్రేషను రుసుము 20,000 రూపాయలు. ఆ వాహనమును ప్రదర్శనలకు, ఊరేగింపులకు నడుపవచ్చును గాని బాడుగకు త్రిప్పరాదు. ఊరేగింపు సరదాకై మామూలు కారు కప్పును రంపముతో కోయించువారు ఈ చట్టమును మాత్రమే గాక, పైన చెప్పిన దూలపు న్యాయమును గూడ మరచుచున్నారు. కమ్ములు బలపరుపక కప్పు కోసిన కారు చిన్న గుద్దుకే విరుగును. అందు కూర్చుండునది ఎవరి బిడ్డలో తలచుకొనవలెను.

తెలుగునేలపై మంచి ఉదాహరణము కావలెనన్నచో హైదరాబాదు చౌమహల్లా భవనమునకు పోవలెను. 1912 నాటి రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కారు, నైజాము ప్రభువు సింహాసనము వంటి ఆసనముతో, అచ్చట ప్రదర్శనలో కలదు. ఆరవ నైజాము కోరి చేయించుకొనిన ఆ కారున ఆయన ఎక్కకముందే 1911లో కాలధర్మము నొందెను. శిథిలస్థితి నుండి ఉద్ధరింపబడిన ఆ భవనమునకు 2010లో యునెస్కో పురస్కారము లభించెను. భవనమును, వాహనమును ఒకే శ్రద్ధతో చూడవచ్చునని ఆ స్థలము చాటుచున్నది.

రాజుల కార్లకు రక్షకులు దొరకుదురు. సామాన్యుల యంత్రముల మాట ఏమి? అంబాసిడరు తయారీ 2014 మే నెలలో ఉత్తరపారాలో నిలిచిపోయినది. దాని ఇంజను శబ్దము విని రోగము చెప్పగల మేస్త్రీలు గోదావరి పట్టణములలో నేటికిని కొందరు కలరు. చేతితో రేకు కొట్టి వంపు తీయగలవారు, రిక్షా టాపు కుట్టినంత ఒడుపుగ జీపు టాపు కుట్టగలవారు కలరు. వారి విద్య ఏ గ్రంథమునను లేదు. వారితోడనే అది పోవును. అప్పుడు మిగులునది గ్రంథపాతము మాత్రమే.

కావున గ్రంథాలయమునకు తన రెండవ పాతికయేండ్లలో ఒక చక్కని పని కలదు. చదువుకొనిన యువకులు మేస్త్రీల యొద్ద కూర్చుండి, వారు చెప్పిన కొలతలు, ఒడుపులు, పనిముట్ల పేర్లు వారి మాటలలోనే వ్రాసి, ఎవరు చెప్పినదియు, ఎప్పుడు చెప్పినదియు చేర్చి, ఒక బీరువాలో నుంచవలెను. కారు పనియే కానక్కరలేదు. పడవపని, మగ్గముపని, రైసుమిల్లు పని ఏదైనను సరియే. పాంటియాక్ చీటీలను దాచినవారికి వాని విలువ ఆనాడు తెలిసియుండదు. తెలియకున్నను దాచిరి. దాచుటయే గ్రంథాలయ ధర్మము.

ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొనునాటికి ఆ బీరువా నిండియుండుగాక! శుభమస్తు.